అప్‌డేట్: సోమర్లెడ్ అనే పేరు సంగతి తెలిసింది

ఎడిన్‌బరాలో నాతో పనిచేసే ఒకాయన పేరు సోమర్లెడ్, ఇంత అరుదైన పేరు ఎక్కడిదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. స్కాట్లండ్ పేరే కానీ పుట్టింది వైకింగులు, అంటే స్కాండినేవియా సముద్ర యోధులు, మాట్లాడిన పాత నార్స్ భాషలో, వేసవిలో ఓడలెక్కి వచ్చేవాడని అర్థం, వాళ్లు ఎక్కువగా బయల్దేరేది ఆ కాలంలోనే మరి. దీనికి పేరు తెచ్చినవాడు 12వ శతాబ్దపు స్కాట్లండ్ నాయకుడు సోమర్లెడ్. 1156లో మాన్ ద్వీపపు రాజు గోడ్రెడ్‌తో సముద్రం మీద పోరాడి స్కాట్లండ్ పడమటి దీవుల్లో చాలా భాగం గెలుచుకున్నాడు, 1164లో రెన్‌ఫ్రూ దగ్గర యుద్ధంలో పోయాడు. స్కాట్లండ్‌లో పేరున్న మెక్‌డొనాల్డ్ వంశంవాళ్లు ఆయన మనవడు డొనాల్డ్ వంశమే! స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో ఈ పేరుకున్న రూపం నుంచి సోర్లీ అనే పేరు వచ్చింది, 1911లో రాసే అనే దీవిలో పుట్టిన గొప్ప గేలిక్ కవి సోర్లీ మెక్లీన్‌ది ఇదే పేరు. ఇంగ్లీషులో కొందరికి దీన్ని శామ్యూల్‌గా మార్చేశారట, ఏ సంబంధమూ లేకపోయినా, అది మాత్రం నాకు బాధనిపించింది.