సీషార్ప్ లింక్ (LINQ) క్వెరీ బిల్డ్ అయితది, రన్ చేస్తే ఆగిపోతది. ఏం చేయాలె?

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు లెక్కల సాఫ్ట్‌వేర్ సీషార్ప్‌లో రాస్తున్న. తేమ కాలమ్‌ను స్ట్రింగ్‌తో పోలిస్తే కంపైలరే పట్టేస్తది, అందుకే సీషార్ప్ కోడ్‌లోనే క్వెరీలు రాసే ఈ లింక్ మీద నాకంత నమ్మకం. కానీ 17 శాతం తేమ దాటిన లోడ్లకు తరుగు లెక్కగట్టే నా ఫంక్షన్‌ను, క్వెరీలో వడపోసే వేర్ (Where) లోపల పిలిస్తే బిల్డ్ సాఫీగా అయితది. రన్ చేసినంక, దీన్ని డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లోకి మార్చలేనని, క్వెరీని డేటాబేస్‌కు పంపే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ లైబ్రరీ ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇస్తది.

కంపైలర్ ల్యాంబ్డాను (వేర్‌లో రాసే పేరులేని చిన్న ఫంక్షన్‌ను) ఎక్స్‌ప్రెషన్ ట్రీగా, అంటే కోడ్‌ను డేటాగా చూపే రూపంలోకి మార్చి వదిలేస్తదని, ఎస్‌క్యూఎల్ తయారయ్యేది రన్‌టైమ్‌లోనేనని తెలుసు. వేర్‌కు ముందు యాజ్‌ఎన్యూమరబుల్ (AsEnumerable) పెడితే నడుస్తది గానీ సీజన్ లోడ్లన్నీ డేటాబేస్ నుంచి దిగుతయి. అది నాకొద్దు.

ఆ తరుగు లెక్కనే ఎక్స్‌ప్రెషన్‌గా రాసి క్వెరీలో కలిపేదెట్ల? ఇట్లాంటివి బిల్డ్‌లోనే పట్టుకునే ఎనలైజర్ (కోడ్ తనిఖీ టూల్) ఎవరన్నా వాడుతున్నరా అన్నా? చిన్న కోడ్ ముక్క పెట్టి చెప్పండి.