చేతిలో ఉన్న 60 లక్షలు రెండో మెషిన్‌కా, షాద్‌నగర్ ప్లాటుకా?

బాలానగర్ వర్క్‌షాప్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ బాలానగర్‌లో అద్దె షెడ్డులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్‌పై ఇతర కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే జాబ్ వర్క్ యూనిట్ నడుపుతున్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్లతో కలిపి 60 లక్షల దాకా కూడబెట్టాను. మా బావగారు షాద్‌నగర్ వైపు ఒక వెంచర్‌లో ప్లాట్లు తీసుకోమంటున్నారు. ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే చేసే అమ్మకం) కాబట్టి మొత్తం ఒకేసారి కట్టేస్తే గజానికి బాగా తగ్గిస్తారట. నాకేమో రెండో మెషిన్ కొనాలని ఉంది, ఎందుకంటే ఉన్న మెషిన్ ఖాళీ లేక వచ్చిన ఆర్డర్లు కొన్ని వదులుకోవలసి వస్తోంది. యంత్రం అరిగిపోతుంది, భూమి పెరుగుతుంది అని ఇంట్లో అంటున్నారు. ఈ ఊళ్లో భూమి కొని స్థిరపడినవాళ్లను కళ్లారా చూశాను కనుక ఆ మాటను తీసిపారేయలేను. పెద్ద కంపెనీల నుంచి రావలసిన బిల్లులు మూడు నాలుగు నెలలు ఆగుతుంటాయని కూడా చెప్పాలి. దయచేసి సలహా ఇవ్వండి.

కూకట్‌పల్లి ఆడిటర్:

మీరు చివరన చెప్పిన బిల్లుల సంగతే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. బిల్లులు నాలుగు నెలలు ఆగే వ్యాపారంలో 60 లక్షలూ మిగులు కాదు. జీతాలు, కరెంటు, టూలింగ్ ఖర్చులకు కనీసం నాలుగు నెలల సొమ్ము పక్కన పెట్టి, మిగిలినదాన్నే పెట్టుబడిగా లెక్కించండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే ముందు అది చేయించండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, మీ సరుకు తీసుకున్న కంపెనీ 45 రోజుల లోపు చెల్లించాలి; దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. పైగా గడువు దాటిన బిల్లును ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా చెల్లించకపోతే, పన్ను లెక్కలో దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు ఆ కంపెనీకి ఉండదు కాబట్టి, మార్చి దగ్గరపడుతుండగా రాసే ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం బాగా పనిచేస్తుంది.

ఇక భూమి లెక్క. 60 లక్షల ప్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు పడుతుంది. అది అయిదేళ్లలో రెట్టింపై 1 కోటి 20 లక్షలకు అమ్ముడుపోయిందనే అనుకుందాం. లాభంపై 12.5 శాతం పన్ను, సెస్సు పోను మీకు మిగిలే రాబడి ఏడాదికి 12 శాతం కూడా ఉండదు. అదీ రెట్టింపైతేనే, కొనేవాడు అనుకున్న సమయానికి దొరికితేనే.

మెషిన్ విషయంలో మీ లెక్కలు మీకే తెలియాలి. ఉదాహరణకు 30 లక్షల మెషిన్ నెలకు 400 గంటలు, గంటకు 500 చొప్పున నడిచి, ఆపరేటర్లు, కరెంటు, ఇన్సర్టులు (లోహాన్ని కోసే బిట్లు), మరమ్మతులు పోను నెలకు 75 వేలు మిగిల్చినా ఏడాదికి 9 లక్షలు అవుతుంది. మెషిన్ కొన్నప్పుడు కట్టే 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గి) తిరిగి వస్తుంది, పన్ను లెక్కలో ఏటా 15 శాతం తరుగుదల ఖర్చుగా చూపుకోవచ్చు. ప్లాటుకు ఈ రెండూ లేవు. అయితే వదులుకున్న ఆర్డర్లు ఎన్ని గంటల పనో గత ఏడాది ఎంక్వైరీలు తీసి కాగితం మీద లెక్కవేసిన తరువాతే మెషిన్‌కు అడ్వాన్సు ఇవ్వండి.

వనస్థలిపురం డాక్యుమెంట్ రైటర్:

మెషిన్ సంగతి నాకు తెలియదు కానీ, ఆ ప్రీలాంచ్‌కు మాత్రం డబ్బు కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడానికి గానీ, బుకింగ్ తీసుకోవడానికి గానీ వీల్లేదు. నమోదైన తరువాత కూడా, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి వసూలు చేయకూడదు. మొత్తం సొమ్ము ముందే అడిగేవారు మీకు తగ్గింపు ఇవ్వడం లేదు, మీ నుంచి వడ్డీ లేని అప్పు తీసుకుంటున్నారు.

రెరా నంబరు ఉన్నా, లేఅవుట్‌కు డ్రాఫ్ట్ అనుమతి వచ్చిందా, ఫైనల్ వచ్చిందా అని అడగండి. డ్రాఫ్ట్ దశలో రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తామనే హామీగా కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి, ఆ ప్లాట్ల నంబర్లు అనుమతి పత్రంలోనే రాసి ఉంటాయి. మీకు చూపిస్తున్న నంబరు వాటిలో లేదని మీ కళ్లతో చూసుకోండి. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చిన అనుమతి), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఇవన్నీ చూసుకోవడం సరేసరి. షాద్‌నగర్ ఔటర్ రింగ్ రోడ్డుకు బయట ఉంది కనుక హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే హైదరాబాద్ సంస్థ) రాదని కొందరు ధైర్యం చెబుతారు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని జాగా) నిబంధనలు ఔటర్ బయట కూడా ఉన్నాయి.

జీడిమెట్ల యూనిట్ యజమాని:

ఇద్దరూ చెప్పినవి సరైనవే. నాకు మాత్రం ఆందోళన కలిగించేది మీ అద్దె షెడ్డు. 2025 నవంబరులో ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ విధానం ఔటర్ లోపలి పారిశ్రామిక వాడల భూములను, బాలానగర్, జీడిమెట్లలతో సహా, నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునే వీలు కల్పిస్తోంది. దానివల్ల లాభపడేది భూమి యజమాని, అద్దెకున్నవాడు కాదు. పునాది వేసి, లెవెల్ చేసి, కరెంటు లోడు పెంచి నిలబెట్టిన మెషిన్‌ను షెడ్డు ఖాళీ చేయమన్నప్పుడు మరోచోటికి తరలించడం ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి మీ ఇంట్లో వాళ్లు భూమి అంటున్నారంటే, అది ప్లాటు కాకుండా మీ పని జరిగే షెడ్డే ఎందుకు కాకూడదు? 60 లక్షలకు బాలానగర్‌లో దొరకకపోవచ్చు, కొంచెం దూరం వెళ్లాలి, ఆపరేటర్లు అక్కడికి వస్తారో లేదో ముందే అడగాలి.

మెషిన్‌కు సొంత సొమ్మంతా పోయకండి. సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు పూచీ ఇచ్చే ట్రస్టు) హామీ కింద ఇల్లు తాకట్టు పెట్టకుండానే బ్యాంకులు టర్మ్ లోను ఇస్తాయి. ఇల్లు మాత్రం ఎప్పుడూ వ్యాపారానికి దూరంగానే ఉంచండి.

బాలానగర్ వర్క్‌షాప్:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. బావగారిని రెరా నంబరు అడిగాను, ఇంకా రాలేదంటున్నారు, కాబట్టి ఆ మాట అక్కడితో ఆపేశాను. నా షెడ్డుకు పదకొండు నెలల అగ్రిమెంటు మాత్రమే ఉంది. సొంత షెడ్డు కుదిరేవరకు దీన్ని ఎలా భద్రపరచుకోవాలి?

వనస్థలిపురం డాక్యుమెంట్ రైటర్:

అయిదేళ్లకు లీజు రాయించుకోండి. ఏడాదికి మించిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి, స్టాంపు ఖర్చుకు వెనకాడవద్దు. యజమాని మధ్యలో ఖాళీ చేయించకూడదనే లాకిన్ షరతు, షెడ్డు ఇతరులకు అమ్మినా లీజు కొనసాగుతుందనే షరతు, గడువు ముగిశాక మెషిన్ తరలించడానికి కనీసం ఆరు నెలల నోటీసు, ఈ మూడూ విడివిడి పేరాలుగా రాయించండి. యజమాని ఒప్పుకోకపోతే, కొత్త మెషిన్‌కు ఆర్డరు ఇచ్చే ముందే మరో షెడ్డు వెతకడం మొదలుపెట్టండి.