కాలనీలోకి వచ్చే నెమళ్లకు గింజలు వేయవచ్చా?

ప్రశ్న: మా ఇల్లు హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనానికి దగ్గరలో ఉంది. అక్కడి నుంచి వచ్చే ఐదారు నెమళ్లకు ఇరుగుపొరుగువారం వంతులవారీగా జొన్నలు, నీళ్లు పెడుతున్నాము. అయితే ఒక మగ నెమలి కార్ల తలుపులను పొడిచి గీతలు పెడుతున్నందున కొందరు కోపగించుకుంటున్నారు. ఏమి చేయాలి?

మొదటి జవాబు: అది కారు మీద కోపం కాదండీ. మెరిసే రంగులో కనిపించే తన ప్రతిబింబాన్ని మరో మగ నెమలిగా భావించి, జతకట్టే వానాకాలంలో అలా పోరాడుతుంది. కారుకు ముసుగు తొడిగితే చాలు.

రెండవ జవాబు: నీళ్లు ఉంచండి, గింజలు మానండి. పురుగులు, తొండలు, చిన్న పాములు, రాలిన పండ్లు తిని బతకగల పక్షిని మన చేతికి అలవాటు చేస్తే, అది భయం మరచి రోడ్డు మీదికి దిగి వాహనాలకో కుక్కలకో బలవుతుంది. మిగిలిన గింజలకు ఎలుకలు, ఎలుకల వెంట పాములు చేరాయి. మా వీధిలో ఈ వరుస మొత్తం చూశాము.

మూడవ జవాబు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నెమలి ఉన్నందున, దానిని మీరే పట్టి వేరేచోట వదలకూడదు, గాయపడితే అటవీ శాఖకు తెలపండి. పొదల కింద గుడ్లు కనిపిస్తే, పొదిగే నాలుగు వారాలూ తోటమాలిని అటు వెళ్లనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. రేపటి నుంచి నీళ్ల తొట్టి మాత్రమే ఉంచుతాము. జొన్నల బస్తా కొన్న పెద్దాయనకు నచ్చజెప్పడమే కష్టం.