భీమిలి బీచ్ రోడ్డుకు లోపలివైపు చూడదగిన చోట్లు ఏవి?

ప్రశ్న

విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే సాగే సుమారు 30 కిలోమీటర్ల రోడ్డు మా ఇంట్లో అందరికీ బాగా పరిచయమే. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు అన్నీ చూశాం. వచ్చే నెల అమ్మానాన్నలు మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారికి చరిత్ర అంటే ప్రాణం, అమ్మకు ఎక్కడికి వెళ్లినా గుడి చూడకపోతే తృప్తి ఉండదు. భీమిలి వైపు వెళ్లేటప్పుడు ఎడమచేతి పక్కన కనిపించే కొండలలోను, వాటి వెనకాల ఉన్న పల్లెలలోను ఒక రోజులో చూసి రాగల చోట్లు ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉన్నందున ఎక్కువ మెట్లు ఎక్కలేరు.

మొదటి సమాధానం

మీ నాన్నగారి అభిరుచికి పాత బౌద్ధారామం శిథిలాలున్న బావికొండ సరిగ్గా సరిపోతుంది. తొట్లకొండకు వెళ్లినవారిలో చాలామంది, దానికి అంత దగ్గరలోనే ఉన్న ఈ కొండవైపు తిరిగి చూడకుండానే భీమిలికి సాగిపోతుంటారు. 1982 నుంచి 1987 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరపగా మహాచైత్యం (ప్రధాన స్తూపం), భిక్షువుల గదుల వరుసలు, సమావేశ మండపం, భోజనశాల బయటపడ్డాయి. మహాచైత్యం దగ్గర ఒక పాత్రలో దొరికిన అస్థి శకలం బుద్ధునిదే అయి ఉండవచ్చునని భావిస్తారు. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా లభించాయంటే, కింద రేవులో దిగిన వర్తకులకూ పైన ఉన్న ఆరామానికీ ఎంత దగ్గరి సంబంధం ఉండేదో ఊహించుకోవచ్చు.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి అక్కడి నీటి తొట్లు. ఏరుగాని చెరువుగాని లేని కొండ నెత్తిన అంతమంది భిక్షువులు ఏడాది పొడుగునా ఎలా బతికారన్న ప్రశ్నకు జవాబు ఆ రాతిలోనే ఉంది. వాన నీరు వృథాగా కిందికి జారిపోకుండా బండను తొలిచి తొట్లు చేశారు. అంచు దగ్గర కూర్చుని లోపలికి చూస్తే, రాయి చెక్కిన చోట ఉలి దెబ్బల జాడలు కొన్నిచోట్ల ఇప్పటికీ కంటికి ఆనుతాయి. స్తూపం ఇటుకలనూ ఒకసారి దగ్గరగా చూడమనండి, అవి మనం ఇళ్లకు వాడే ఇటుకలకంటే ఎంతో పెద్దవి. కొండపైదాకా వాహనం వెళ్తుంది కాబట్టి మోకాళ్లకు శ్రమ ఉండదు. నీడ మాత్రం తక్కువ కనుక పొద్దున్నే వెళ్లి, ఎండ ముదరకముందే దిగిపోవడం మంచిది. మరొక్క మాట, ఫోటోల కోసం స్తూపం ఇటుకల మీదికి ఎక్కేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. పిల్లలు వెంట ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

రెండవ సమాధానం

బావికొండ గురించి పైన చక్కగా చెప్పారు. అమ్మగారి కోసం పద్మనాభం వెళ్లండి. భీమిలి నుంచి తగరపువలస మీదుగా లోపలికి పోతే వస్తుంది. కొండపైన అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి కొలువై ఉన్నారు. పైకి 1,200కు మించి మెట్లున్నాయి కనుక నాన్నగారు కింది గుడిలోనే దర్శనం చేసుకోవచ్చు. కార్తీక బహుళ అమావాస్య సాయంత్రం ఆ మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు, అప్పటికి ఊరు జనంతో కిక్కిరిసి ఉంటుంది.

నాన్నగారికి కూడా ఇక్కడ చూడవలసినది ఉంది. విజయనగరం రాజు విజయరామరాజుకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య 1794 జూలై 10న యుద్ధం జరిగింది ఈ ఊరి దగ్గరే. పేష్కష్ (కంపెనీకి కట్టవలసిన కప్పం) బకాయిలు తీర్చమని, సంస్థానం విడిచి మచిలీపట్నం వెళ్లి ఉండమని కంపెనీ పట్టుబట్టగా, ఆయన ఆ ఆజ్ఞను తలదాల్చకుండా తన అనుచరులతో ఇక్కడ విడిది చేసి, కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన సేనను ఎదుర్కొని ప్రాణం విడిచాడు. పోరు గంటలోపే ముగిసిందంటారు. ఆయన సమాధి పద్మనాభంలోనే ఉంది. బొబ్బిలి యుద్ధం గురించి తెలియని తెలుగువాడు ఉండడు గాని, విశాఖకు ఇంత చేరువలో జరిగిన ఈ యుద్ధాన్ని తలచుకునేవారు అరుదు. దయచేసి ఆ సమాధి దగ్గర కాసేపైనా ఆగండి.

మూడవ సమాధానం

పొద్దు మిగిలితే విజయనగరం దాటి, నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం వరకు వెళ్లి రండి. రామాలయం కొండ దిగువనే ఉంది. చుట్టుపక్కల కొండలలో గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూప, విహారాల శిథిలాలు, మరోచోట జైన తీర్థంకరుల శిల్పాలు ఉన్నాయి. మూడు మతాలవారూ ఏరికోరి నిలిచిన చోటది. కానీ శిథిలాలను చూడాలంటే కొండ ఎక్కక తప్పదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పద్మనాభం యుద్ధం సంగతి నాన్నగారితో ఫోన్లో చెప్పగానే ఎప్పుడు వెళ్దామని అడిగారు. బావికొండ, పద్మనాభం, రామతీర్థం మూడూ ఒకే రోజులో పెట్టుకుంటే పెద్దవారికి అలసట అవుతుందా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

అవుతుందండి. నా మాట వింటే పొద్దున బావికొండ, మధ్యాహ్నం లోపల పద్మనాభం చూసి, తగరపువలస దగ్గర గోస్తనీ నది వంతెన దాటి భీమిలి చేరండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల పక్క నుంచి వచ్చే ఆ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది కాబట్టి సాయంత్రం ఆ సంగమం చూసుకుని బీచ్ రోడ్డు మీదుగానే ఇంటికి రావచ్చు. రామతీర్థాన్ని విజయనగరం కోటతో కలిపి మరో రోజుకు ఉంచుకోండి. గుళ్లు మధ్యాహ్నం మూసే వేళలు మాత్రం బయలుదేరేముందు కనుక్కోండి.