పావు అణా అంచులో నెలవంక కోత: టంకశాల తప్పా, తర్వాత కోసిందా?

ప్రశ్న: 1919 ఐదో జార్జి పావు అణా, కంచుది. అంచులో ఒకచోట నెలవంకలా కోత ఉంది, బరువు 4.4 గ్రాములు. టంకశాల తప్పేనని అమ్మే ఆయన అంటున్నారు. కొనేముందు ఏం చూడాలండీ?

జవాబు: బరువుతో తేలదు. ఉండాల్సింది 4.86 గ్రాములు, ఆకురాయితో కోసినా అంతే తగ్గుతుంది. కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు, అంటే అంచు వెంట ఎత్తుగా ఉండే వరస చూడండి. రేకులోంచి బిళ్ల కొట్టేటప్పుడు పంచ్ (బిళ్లను కత్తిరించే పనిముట్టు) అంతకుముందు బిళ్ల తీసిన రంధ్రం మీదికి పడితే బిళ్ల కొరతతో వస్తుంది. గట్టు లేపే యంత్రంలో ఆ కొరత దగ్గర ఒత్తిడి పడదు, కాబట్టి ఎదురువైపు గట్టూ సరిగా లేవదు. అక్కడ మసకగా ఉంటే టంకశాల తప్పేననడానికి మంచి గుర్తు.

ఇంకో జవాబు: గట్టు గుర్తు అన్ని అసలు తప్పుల్లోనూ కనిపించదు, దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. పదిరెట్ల లెన్స్‌తో కోత పక్క అక్షరాలు చూడండి. అచ్చు పడేటప్పుడు లోహం ఖాళీ వైపు పారుతుంది, అందుకే అక్షరాలు అటు సాగి పల్చబడతాయి. తర్వాత కోస్తే అక్షరం నిండుగా వచ్చి కత్తిరించినట్టు ఆగిపోతుంది. కోత గోడ మీద సమాంతర గీతలున్నా, మిగతా నాణెం నల్లబడి అక్కడ మాత్రం ఎర్రగా మెరుస్తున్నా వదిలేయండి.

ప్రశ్న: మరి వెనకవైపు రాజు తల అద్దంలోలా తిరగబడి, గుంటగా ఉంటే?

జవాబు: అంతకుముందు కొట్టిన నాణెం అచ్చులో ఇరుక్కుంటే అలా పడుతుంది. అప్పుడు వెనకవైపు ఉండాల్సిన పూలదండ, సంవత్సరం ఆ మేరకు అసలే ఉండవు. మోసం చేయడానికి రెండు నాణేలను వైస్‌లో (బిగించే పట్టుడు పనిముట్టులో) బిగించి నొక్కితే పూలదండ నలిగి, గుంట కింద ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.