పుస్తకంలో ‘శ్రీలంక 19 శాతం’ అని వేయాలా? డీఎన్‌ఏ శాతాలను ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మా తాతగారి శతజయంతికి కుటుంబ చరిత్ర పుస్తకం వేస్తున్నాం. ఏడు తరాల వంశవృక్షం, పాత ఫొటోలు, ఇంటిపేరు ఎలా వచ్చిందన్న కథ, అన్నీ సిద్ధం. మాది రాజమండ్రి పక్క పల్లెటూరు, ప్రస్తుతం నేను డాలస్‌లో ఉంటున్నాను. సరదాకి డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే దక్షిణ భారతం 72, శ్రీలంక 19, ఉత్తర భారతం 6, మధ్య ఆసియా 3 శాతం అని వచ్చింది. అది చూసి మా బావగారు, మనవాళ్లు కొరంగి రేవు నుంచి ఓడలెక్కి సింహళానికి వ్యాపారానికి పోయి ఉంటారని ఏకంగా ఒక అధ్యాయం రాసేశారు. ఈలోగా కంపెనీ వాళ్లు లెక్క మార్చారు. శ్రీలంక 4కి పడిపోయింది. మా చెల్లెలి రిపోర్టులో అసలు శ్రీలంకే లేదు. అధ్యాయం ఉంచాలా, తీసేయాలా? ప్రెస్సువాళ్లు తొందర పెడుతున్నారు.

ల్యాబ్‌కోటు
తీసేయండి. మీ పూర్వీకులు ఎక్కడ కాపురం ఉన్నారో ఆ శాతాలకు తెలియదు. మీ డీఎన్‌ఏలో ఒక్కో ముక్కను తీసుకుని, కంపెనీ దగ్గరున్న నమూనాల్లో అది ఎవరిదానికి దగ్గరగా ఉందో ప్రోగ్రాం చూస్తుంది. ఆ నమూనాలు ఇచ్చినవాళ్లంతా ఈ కాలపు మనుషులే. 1000 జీనోమ్స్ అని, రకరకాల జనాల జన్యువులను నమోదు చేసిన అంతర్జాతీయ ప్రాజెక్టులో తెలుగువాళ్ల పేరుతో ఉన్న వంద చిల్లర నమూనాలు బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ల దగ్గర తీసుకున్నవి. శ్రీలంక తమిళులవీ అక్కడ తీసుకున్నవే. కంపెనీలు తమ కస్టమర్ల డేటా కూడా కలుపుకుంటాయి గానీ, అందులో మీ కోనసీమ నుంచో మా పాలమూరు నుంచో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. తెలుగువాళ్లకీ శ్రీలంక తమిళులకీ జన్యువుల్లో తేడా చాలా తక్కువ. ఎటూ తేలని ముక్కను ప్రోగ్రాం ఎటో ఒకవైపు వేస్తుంది. నమూనాలు మారితే అటుది ఇటు వస్తుంది. మీ 19 కాస్తా 4 అయిందంటే ఓడ వెనక్కి రాలేదు, లెక్క మారిందంతే.

మధ్య ఆసియా 3 శాతానికి తురుష్క సేనల కథ అల్లకండి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు, అమెరికాలో డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో చేసిన అధ్యయనంలో, మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనాల కలయికేనని, వాటిలో ఒకటి మధ్య ఆసియా, యూరప్ వైపు జనాలకు దగ్గరిదని తేలింది. 2013లో మరో అధ్యయనం ఆ కలయిక సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందట జరిగిందని లెక్కగట్టింది. మీ ఏడు తరాలకు అది అందదు.

చెల్లెలి సంగతి మామూలే. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం అందరికీ వస్తుంది, కానీ ఏ సగం అన్నది ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది. అంతకన్నా చిత్రం కవలలది. 2019లో కెనడాలో సీబీసీ టీవీ వాళ్లు అచ్చు ఒకేలా ఉండే కవల అక్కచెల్లెళ్ల నమూనాలు ఐదు కంపెనీలకు పంపారు. కంపెనీకీ కంపెనీకీ పొంతన లేదు సరే, ఒకే కంపెనీ ఇద్దరికీ ఇచ్చిన శాతాల్లో కూడా తేడాలొచ్చాయి.

ఎన్నారై మావయ్య
ల్యాబ్‌కోటు గారూ, మరీ అంత కొట్టిపారేయకండి. పక్కపక్క ప్రాంతాల మధ్య గీత గీయలేరు, ఒప్పుకుంటాను. కానీ ఖండాల స్థాయిలో, బాగా దూరంగా ఉన్న ప్రాంతాల మధ్య ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. చిన్నప్పుడే మన దేశం నుంచి యూరప్‌కి దత్తత వెళ్లినవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకి ఊరు, పేరు, కాగితం ఏదీ ఉండదు. ‘బెంగాల్ వైపు కాదు, దక్షిణాది వైపు’ అన్న ఒక్క మాటైనా దొరికితే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఏడు తరాల పేర్లు చేతిలో ఉన్న గోదారిగట్టుకి ఈ శాతాలు అక్కర్లేకపోవచ్చు. ఏమీ లేనివాడికి అవే ఆధారం.

డర్బన్ కోడలు
మావయ్య గారి మాటకి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. నేను విశాఖ ఆడపడుచుని, మెట్టినిల్లు దక్షిణాఫ్రికాలోని డర్బన్. మావాళ్లు నాయుడూలు, నేటాల్ చెరకు తోటలకి కూలీలుగా వచ్చినవాళ్ల సంతతి. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 1860 నవంబరు 16న ఇక్కడికి చేరింది. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా వచ్చారు. మా ఆయన రిపోర్టులో 6 శాతం ఆఫ్రికా అని వచ్చింది. ఇంట్లో పెద్దలు ససేమిరా ఒప్పుకోలేదు, టెస్టే తప్పన్నారు. కానీ 6 శాతం అంటే సుమారుగా మా మామగారి ముత్తాతల తరంలో ఒక మనిషి. సరిగ్గా ఆ తరంలోనే ముత్తవ్వ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆవిడ భర్త పేరు ఓడ జాబితాలో ఉంది, పక్కన భార్య లేదు. తర్వాత డీఎన్‌ఏలో మాకు చుట్టరికం కలిసిన ఒక జూలూ కుటుంబం అదే తోట దగ్గరివాళ్లు. కాగితాలు దాచిన సంగతి డీఎన్‌ఏ చెప్పింది.

ల్యాబ్‌కోటు
అమ్మా, మీ ఉదాహరణ గట్టిదే. ఆఫ్రికా ముక్కకీ ఆంధ్రా ముక్కకీ తేడా పెద్దది, ప్రోగ్రాం పొరబడే అవకాశం తక్కువ. అయినా మీకు విషయం తేల్చింది ఆ 6 శాతం కాదు, జూలూ కుటుంబంతో కలిసిన మ్యాచ్, అంటే ఇద్దరి డీఎన్‌ఏలో ఒకే ముక్కలు ఉండటం. ఆ తేడా మాత్రం మరిచిపోవద్దు.

పాతకాగితాలు
అసలు వెతకాల్సిన చోట ఎవరూ వెతకడం లేదు. నేటాల్ ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా రాశారు. అంత వివరం ఏ కంపెనీ ఇస్తుంది? కాకపోతే చూసేటప్పుడు జాగ్రత్త. ‘నార్త్ ఆర్కాట్’ అని ఉంటే తమిళులని అనుకోకండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకు ముందు ఆ వైపు తాలూకాలు చాలా వరకు నార్త్ ఆర్కాట్ కిందే ఉండేవి.

ఓడలెక్కనివాళ్లకి ఇక్కడే రెవెన్యూ రికార్డులున్నాయి. కోస్తాలో ఇనాం భూమి ఉన్న కుటుంబమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడండి, 1860 ప్రాంతంలో భూమి ఎవరి పేరున ఉందో దొరుకుతుంది. తెలంగాణలో భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్ అనే పాత సర్వే రికార్డు. ఇవి కాక తద్దినం పెట్టేటప్పుడు చెప్పే మూడు తరాల పేర్లు, కాశీ, గయల్లో పండాల చిట్టాలు. మన ఊళ్లకి వచ్చే పిచ్చిగుంట్లవాళ్లు, అదే వంశరాజులు, గోత్రాలు, ఇంటిపేర్లు కట్టగట్టి చెప్పేవారు. ఇవన్నీ అయ్యాక డీఎన్‌ఏ.

ఎన్నారై మావయ్య
కాగితం ఏమైనా సత్యహరిశ్చంద్రుడా? ఓడెక్కేటప్పుడు కులం మార్చి రాయించుకున్నవాళ్లు కోకొల్లలు. గుమస్తా తనకి వినబడింది రాసుకున్నాడు. ఇక వంశం పాడేవాళ్లు, సంభావన ఇచ్చినవాడి ముత్తాతని సామంతరాజుని చేయరూ?

పాతకాగితాలు
చేస్తారు మావయ్యా. అందుకే ఒక్కదాన్నే నమ్మమనలేదు. కాగితంలో తప్పుంటే ఇంకో కాగితంతో పట్టుకోవచ్చు. ‘శ్రీలంక 19’ తప్పని గోదారిగట్టు గారు దేంతో పట్టుకుంటారు? కంపెనీయే మార్చేదాకా ఆగాల్సిందే.

కృష్ణాతీరం
అయితే శాతాలు వదిలేసి మ్యాచ్‌లు చూస్తే సరిపోతుందా? నాకు ఒకాయనతో 390 సెంటీమోర్గాన్లు (కలిసిన డీఎన్‌ఏ ముక్కల పొడవు కొలత) కలిసింది. సైటు ఆయన్ని ‘ఫస్ట్ లేదా సెకండ్ కజిన్’ అంటోంది. ఇద్దరం కూర్చుని లెక్కేస్తే మా తాతలు అన్నదమ్ముల పిల్లలు, అంటే థర్డ్ కజిన్లం.

ల్యాబ్‌కోటు
మీ రెండు ఇళ్లలో మేనరికాలు ఉన్నాయా? ఉండే ఉంటాయి. తాతలు సొంత అన్నదమ్ములైతే వాళ్ల మనవల మధ్య సగటున 230 దాకా కలుస్తుందని పాశ్చాత్య కుటుంబాల లెక్క. మీది ఇంకో తరం దూరం, ఇంకా బాగా తగ్గాలి. కానీ మనవైపు మేనమామకో, మేనత్త కొడుక్కో ఇచ్చి చేయడం తరతరాలుగా ఉంది. ఒకే ముత్తాత రెండు మూడు దారుల్లో మీకు ముత్తాత అవుతాడు, ప్రతి దారిలోనూ కొంత డీఎన్‌ఏ వస్తుంది. సైటుకి మేనరికం అంటే ఏం తెలుసు, దగ్గరి చుట్టం అనుకుంటుంది. మేనరికాలు లేకపోయినా వందల ఏళ్లుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల చిన్న చిన్న ముక్కలు ఊరికే కలుస్తుంటాయి. మనవాళ్లు 20, 30 సెంటీమోర్గాన్ల మ్యాచ్‌ని పట్టుకుని చెట్టు గీయడం మానాలి. పొడవాటి ముక్కలు ఎన్ని కలిశాయో చూడండి, మొత్తం కాదు.

ఈ కులంలోపలి పెళ్లిళ్ల ప్రభావం ఆరోగ్యంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ఆర్యవైశ్యుల్లో కొందరికి త్వరగా విరగదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపం ఆ సమూహంలో మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నన్నడిగితే మన డీఎన్‌ఏలో తెలుసుకోవాల్సింది ఇలాంటిది, శ్రీలంక శాతం కాదు.

డర్బన్ కోడలు
టెస్టుకి పరిగెత్తే ముందు ఇదీ ఆలోచించుకోండి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ టెస్టు కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. దొంగలు వాటిని జాతుల వారీగా జాబితాలు కట్టి అమ్మకానికి పెట్టారు. 2025లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మీ ఒక్కరి ఉమ్మితో మీ అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు కూడా అందులో ఉన్నట్టే. మా ఇంట్లో వయసొచ్చిన ప్రతివాళ్లనీ అడిగాకే చేయించాం. ఒక ఆడపడుచు వద్దంది, మానేశాం.

గోదారిగట్టు
చాలా థాంక్సండీ అందరికీ. మ్యాచ్‌లు చూశాను, శ్రీలంక నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. అధ్యాయం తీసేస్తున్నాను. శాతాలు మాత్రం చివర అనుబంధంలో, టెస్టు తేదీ, లెక్క మారిన తేదీ, పాత అంకె, కొత్త అంకె వేసి ఉంచుతాను. బావగారు ఇంకా ఒప్పుకోలేదు. ‘నా పేరుతో విడిగా వ్యాసం వేయించు’ అంటున్నారు. పాతకాగితాలు గారూ, ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు ఎక్కడ అడగాలి?

పాతకాగితాలు
కలెక్టరేట్ రికార్డు రూములో. ముందు ఊరి పేరు, సర్వే నంబరు, వీలైతే పాత టైటిల్ డీడ్ నంబరు రాసుకుని వెళ్లండి. పాత తాలూకా పేరు కూడా అడుగుతారు, ఇప్పటి మండలం పేరు చెబితే దొరకదు. డాలస్ నుంచి అవదు గానీ, బావగారిని పంపండి.