తాతల నాటి డబుల్ బ్యారెల్: లోపల పాలిష్ పట్టించాలా, ముట్టుకోకుండా వదిలెయ్యాలా?

ఉదయగిరి కాపు
మాది ఉదయగిరి కొండ కింద పల్లె. మా నాయన పేరున ఉన్న 12 బోరు తుపాకీ ఇప్పుడు వారసుడిగా నా లైసెన్సు మీదికి వచ్చింది. బర్మింగ్‌హామ్ ముద్రలు ఉండాయి దాని మీద. ఎలక్షన్లప్పుడు కాన్వాసు సంచీతో సహా స్టేషన్లో జమ చేస్తే, మళ్లా చేతికొచ్చేసరికి సంచీ చెమ్మగా ఉండాది. గొట్టాలు విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే కుడి దాంట్లో చాంబరు, అంటే తూటా పెట్టే చోటు, దాటి జానెడు దూరాన గుంటలు. మూతి వైపు మాత్రం తళతళలాడుతుండాది. తెలిసినాయన ఒకరు లోపల హోనింగ్ చేయిస్తే, అంటే అరగదీసి పాలిష్ పట్టిస్తే, కొత్తదైపోద్ది అంటుండాడు. మా చిన్నాయన ససేమిరా ముట్టుకోవద్దంటాడు. అడివి పందులు చెనిక్కాయ చేలో పడుతుండాయి, తుపాకీ మూలన పెట్టేదానికి లేదు. ఏంజేద్దామంటారు?

కావలి పాతతుపాకులు
చిన్నాయన మాటే నా మాట. గుంట అంటే అక్కడ ఇనుము పోయిందని. పోయింది ఎట్టాగూ రాదు. గుంట అడుగు దాకా పాలిష్ పట్టాలంటే చుట్టూ బాగున్న ఇనుమంతా అరగదియ్యాలి. నిగనిగలాడేదంతా గట్టిదని నమ్మబాకండి. పాతవి అమ్మేవాళ్లు గొట్టం లోపల మెరిపించి చూపించేది ఇందుకే.

ఇంగ్లండు తుపాకీకి ఒక లెక్క ఉంది. పరీక్షించి ముద్ర వేసినప్పుడు లోపలి కొలత కూడా గొట్టం కింద కొడతారు. 1954కు ముందువైతే 12 అనో, 12/1 అనో, 13/1 అనో ఉంటుంది. 12 అంటే 0.729 అంగుళం, 13/1 అంటే 0.719. వెనక నుంచి 9 అంగుళాల దగ్గర కొలిస్తే ఆ ముద్ర కంటే 10 థౌ దాటి పెద్దదైతే అక్కడి వాళ్ల లెక్కలో ఆ తుపాకీ ప్రూఫ్, అంటే ఆ పరీక్ష, తప్పినట్టే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మీ గొట్టాన్ని మీ తాతల కాలంలో ఎవరన్నా ఇప్పటికే గీకి ఉంటే ఆ 10 థౌ ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు.

ఒంగోలు మెకానిక్
కావలి అన్నా, సగమే చెప్పావు. గరుకు గొట్టాన్ని అట్లాగే వదిలేస్తే ఏమవుద్ది? గుండ్లు రాసుకుపోయిన సీసం గుంటల్లో పేరుకుంటుంది. దాని కింద చెమ్మ దాక్కుంటుంది. నువ్వు పైన ఎంత నూనె రాసినా తుప్పు కింద నుంచి తింటూనే ఉంటుంది. ముట్టుకోకపోవడం కూడా ఇనుము పోగొట్టుకోవడమే, నిదానంగా.

నేననేది గుంట అడుగు అంటేదాకా కాదు. అంచుల పదును పోయేంత, పైపైన రెండు మూడు థౌ. అదీ గోడ మందం గేజితో కొలిచాకే. ఇంగ్లీషు గన్ స్మిత్‌లు మామూలుగా 20 థౌ, అంటే అర మిల్లీమీటరు, అంతకన్నా గోడ పలచబడితే వద్దంటారు. అయితే ఆ లెక్క గొట్టం ముందు భాగానికి. చాంబరు దగ్గర ఒత్తిడి ఎక్కువ, అక్కడ గోడ చాలా మందంగా ఉండాలి. కాపుగారి గుంటలు వెనకవైపే ఉన్నాయి కాబట్టి కొలవకుండా పేల్చొద్దు.

గిద్దలూరు నల్లమల
ఇంత పురాణం ఎందుకు? మా తట్టు పెద్దోళ్లు మూతి దగ్గర తుప్పు తింటే రెండంగుళాలు కోసి పడేసేవాళ్లు. తేలికగానూ ఉంటది, తుప్పల్లో తిరగనీకి వాటం.

నెల్లూరు వకీలు
గిద్దలూరు మిత్రమా, ఆ మాట సరదాకి కూడా అనకండి. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 6 ఉన్నదే దీనికోసం: ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చెయ్యడం నేరం. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన దాన్ని కోసే హక్కు రాదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి 7 ఏళ్లకు తగ్గని శిక్ష, యావజ్జీవం దాకా పోవచ్చు.

హోనింగ్ సంగతీ అంతే. సెక్షన్ 5 ప్రకారం రిపేరు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. లేతు మిషను ఉన్న ప్రతి షాపూ తుపాకీ పట్టకూడదు. కాపుగారూ, మీ 'తెలిసినాయన' దగ్గర ఆ కాగితం ఉందా? ఇంకోటి, పంటకాపలా లైసెన్సు చేతిలో ఉన్నా పందిని కొట్టాలంటే అటవీశాఖ అనుమతి విడిగా కావాలి. 1972 వన్యప్రాణి చట్టం అడ్డం వస్తుంది.

గిద్దలూరు నల్లమల
మా పెద్దోళ్లు చేసింది చెప్పినా, చెయ్యమన్లేదు సారూ.

కావలి పాతతుపాకులు
చట్టం పక్కన పెట్టినా అది తెలివితక్కువ పని. చోకు, అంటే గుండ్లు చెదరకుండా గొట్టాన్ని బిగించిన చోటు, ఉండేదే ఆ చివర. ఫుల్ చోకు అంటే మూతి దగ్గర సుమారు 40 థౌ బిగింపు, మిల్లీమీటరు అనుకోండి. అది కోసేస్తే గుండ్లు చెదిరిపోతాయి. పంది గాయపడి మీ మీదికే వస్తుంది.

సూళ్లూరుపేట ఉప్పుగాలి
మా పులికాట్ గాలికి కత్తిపీట కూడా రెండ్రోజుల్లో ఎర్రబడుతుంది, అందుకే చెప్తున్నా. పాలిష్ గొడవ మీరు తేల్చుకోండి గానీ ముందు ఆ కాన్వాసు సంచీ అవతల పారెయ్యండి. తోలుదైనా అంతే, చెమ్మను పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె రాసేవాళ్లు ఉన్నారు, అది కొన్నాళ్లకు జిగురు కడుతుంది. కుట్టుమిషను నూనె నయం. తోమేటప్పుడు కంచు బ్రష్షు చాంబరు వైపు నుంచి దూర్చి మూతి వైపు తియ్యండి, మురికి మళ్లీ లోపలికి రాదు. ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వారం వారం గొట్టాలు విప్పి చూసుకోవాల్సిందే.

కుమ్మరి పురుగును మర్చిపోవద్దు. గోడకు ఆనించిన తుపాకీ మూతిలో అది మట్టిగూడు కట్టేస్తుంది. పైన చూస్తే తెలియదు. తూటా పెట్టి పేల్చారంటే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఒకసారి ఉబ్బింది బయటి నుంచి వేళ్లతో తడిమితే ఉంగరంలా తగులుతుంది. అట్లాంటిది మీ దాంట్లో ఉందా?

ఉదయగిరి కాపు
తడిమి చూశా, ఉంగరం లేదు. వకీలుగారు అడిగిన కాగితం ఆయన దగ్గర లేదంట, కాబట్టి ఆ బేరం వదిలేశా. ముద్ర 13/1 అని ఉండాది. ఇంకో డౌటు. చాంబరు రెండున్నర అంగుళాలంట, ఇప్పుడు దొరికే తూటాలు పడతాయా?

ఒంగోలు మెకానిక్
డబ్బా మీద 70 మిల్లీమీటర్లు అని ఉంటే వద్దు. రెండున్నర అంటే 65. పొడుగు తూటా లోపలికి దూరుతుంది, మోసం అక్కడే: పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. చాంబరు పొడుగు చేయించుకోమని ఎవరన్నా అంటే అది కూడా ఇనుము తియ్యడమే.

ఒక పని చెయ్యండి. గొట్టాలు విడదీసి వెనక కొక్కేనికి సన్న తాడు కట్టి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తట్టండి. గుడి గంటలా మోగితే సరే.

ఉదయగిరి కాపు
తట్టా. డబ్ డబ్ అంటుండాది, మోత లేదు.

కావలి పాతతుపాకులు
అయితే రిబ్బు, అంటే రెండు గొట్టాల మధ్య అతికించిన ఇనప పట్టీ, దాని టంకం ఎక్కడో వదిలింది. తుప్పు దాని కిందా ఉంటుంది, లోపల ఎంత పాలిష్ పట్టినా అది కనపడదు. అందుకే మొదట్నుంచీ వద్దంటున్నా.

ఒంగోలు మెకానిక్
రిబ్బు వదిలితే తీసి శుభ్రం చేసి మళ్లీ అతికించాలి, వదిలేస్తే పోయేది కాదు. నీ 'వద్దు'తో అదీ కాదు అన్నా. కాపుగారూ, లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకుపోయి రిబ్బు, గోడ మందం రెండూ చూపించండి. 13/1 కాబట్టి 9 అంగుళాల దగ్గర లోపలి కొలత ఎంతో రాసివ్వమనండి. ఆ అంకె ఇక్కడ పెడితే అప్పుడు కావలి అన్నా నేనూ మళ్లీ మొదలుపెడతాం.